గండికోట – నీరును ఱాయియు

కడపజిల్లాలో జమ్మలమడుగునకు సమీపమున ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్నానది ప్రవహించుచున్నది. ఆ గండి మూలముననే యచటి దుర్గమునకు గండికోట యని పేరు వచ్చెను. సుమారు 300 అడుగుల లోతున నున్న యేటిని జూచిన వారికి, ఇంత కఠినశిలను మెత్తని నీ రెట్లు కోయగలిగెనను నాశ్చర్యము కలుగక మానదు.

సోదరీమణులారా! దీనికి సమాధానము మన యింటనే కలదు. బావిగట్టు ఱాతిపై చేదత్రాడొరసి గాడులు పడుట మీ రెఱుగుదురు. నీరును అట్లే నిత్యము ఒరయుచుండును. అంతేకాక ఇసుకను, గులకఱాళ్లను ఈడ్చుకొనిపోవును. శిలను కోయు నాకుఱా లివియే. ప్రవాహవేగము 2 రెట్లైనచో తాకుడుబలము 4 రెట్లగును. కావున కఱవుసీమ నదులలో నొక్క వెల్లువ, అనేక దినముల సన్ననిపాఱుదలకంటె నెక్కువ పని చేయును.

ఱాతికి మఱియొక లోపము గలదు. పైనుండి పడు గొప్ప బరువు నది మోయును గాని, లాగుడునకు, వంపునకు తాళజాలదు. కోటలోని మాధవరాయస్వామి యాలయమున స్తంభములు దగ్గఱదగ్గఱగా నిలుపుట కిదియొక కారణము. ఱాతిదూలము పొడవైనకొలది నడుమ విఱుగుభయ మధికము.

గండి యంచున ముందునకు చొచ్చియున్న బండలును ఒకవైపు మాత్రమే యాధారముగల దూలములే. వాని పగుళ్లలో నీరు చొచ్చి, క్రిందిపొర యరిగిపోగా, అవి తమ బరువుచేతనే విఱిగిపడును. ఇనుము వంగి హెచ్చరించును; ఱాయి హెచ్చరింపక విఱుగును. కావున బిడ్డలతో గండికోటకు బోవు తల్లులు ఆ సౌందర్యమును కన్నులార చూడవలయును గాని, అంచుబండపై బిడ్డలను నిలువనీయరాదు.