ఉరికేటోణ్ణి ఉరికిస్తే ఓడేది మనమే

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా టెన్నిస్ కోర్టు పక్కన బెంచీ మీద కూర్చున్నవాళ్ల దగ్గర ఎప్పుడూ ఒకటే సలహా ఉంటుంది. లోపల యాభై దాటిన డాక్టరుగారో ప్లీడరుగారో డిగ్రీ చదివే కుర్రాడితో సింగిల్స్ ఆడుతూ ఆయాసపడుతుంటే బయటి నుంచి కేక వస్తుంది: "ఉరికించు సార్, ఆ మూలకు ఈ మూలకు ఉరికించు!" సార్ ఉరికిస్తారు. కుర్రాడు ఉరుకుతాడు, అందుకుంటాడు, తిప్పి కొడతాడు. నాలుగైదు బంతులయ్యాక సార్ కొట్టింది లైను దాటి జానెడు బయట పడుతుంది. "అరె, జరంతలో పోయింది" అని బెంచీ ఓదారుస్తుంది. జరంతలో పోలేదు. ఆ పాయింటు ఎప్పుడో పోయింది. కాళ్లలో వేగం ఉన్నవాడి మీద ఎలా ఆడాలన్న విషయంలో మన కోర్టుల్లో చలామణీ అవుతున్న నమ్మకాల్లో ఎక్కువ భాగం అతనికే పనికొస్తాయి.

అపోహ: మూలమూలకూ తిప్పితే చిక్కుతాడు.

వాస్తవం: సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు. మధ్యలో నిలబడ్డవాడికి ఏ పక్కకైనా పదమూడున్నర అడుగులే. చాచిన చెయ్యి, రాకెట్ పోగా మిగిలేది రెండు మూడు అంగలు. చురుకైనవాడికి అదొక దూరమే కాదు. పైగా మూలకు చేరినవాడికి మూల నుంచి కోణం దొరుకుతుంది. మనం అతన్ని ఎంత బయటికి లాగితే, అతను మనల్ని అంతకంటే వాలుగా బయటికి లాగగలడు. అప్పుడు ఉరకాల్సింది మనం.

నడిమధ్యకు, బేస్‌లైన్ దగ్గర పడేలా లోతుగా కొట్టిన బంతిలో ఆ కోణం ఉండదు. ఒంటి మీదికి వచ్చే బంతికైతే పరుగుతో పనే లేదు. పక్కకు తప్పుకుని, చిన్న చిన్న అడుగులతో చోటు చేసుకోవాలి. పరుగు మీద బతికే ఆటగాళ్లలో చాలామందికి ఈ చిన్న అడుగులే సరిగా రావు.

ఇక అసలు మందు వెనక్కి కొట్టడం. అంటే అతను వదిలి వచ్చిన వైపే మళ్లీ కొట్టడం. పాలమూరు, నల్లగొండ బళ్లలో ఖోఖో ఆడనివాళ్లు అరుదు కాబట్టి వాళ్లకిది చెప్పనక్కర్లేదు. తరిమేవాడు ఒక దిక్కు పట్టాక వెనక్కి తిరగడానికి లేదు, స్తంభం దాకా పోవాల్సిందే. తప్పించుకునేవాడు బతికేది ఆ నియమం మీదే. టెన్నిస్‌లో అలాంటి నియమం లేకపోయినా ఒంటి బరువు ఆ పని చేస్తుంది. కుడి మూలలో బంతి కొట్టి మధ్యకు దూసుకొస్తున్నవాడు ఆగి, తిరిగి, మళ్లీ కుడికి పోవాలి. వేగం ఎంత ఎక్కువుంటే ఆగడం అంత కష్టం. పైన ఇసుక తేలిన మట్టి కోర్టులో మరీను. ఏప్రిల్‌లో నీళ్లు సరిగా చల్లని కోర్టు మీద చూడండి, తిరగబోయినవాడి బూటు కింద మట్టి బరబరా జారుతుంది. చెయ్యి చాచి నిలబడిపోతాడు.

అపోహ: గట్టిగా కొడితే అందుకోలేడు.

వాస్తవం: మనం గట్టిగా కొట్టేది అతని టైము తీసెయ్యడానికి. కానీ బంతి ఎంత త్వరగా పోతుందో అంత త్వరగా తిరిగొస్తుంది. మనం ఇంకా కుదురుకోకముందే వస్తుంది. గట్టి దెబ్బ పనిచేయదని కాదు. ఫ్రెంచ్ ఓపెన్‌లో అంతకుముందు ఓటమే ఎరగని నడాల్‌ను 2009లో రాబిన్ సోడర్‌లింగ్ పడగొట్టింది అలాంటి దెబ్బలతోనే. అయితే సోడర్‌లింగ్ చెయ్యి అందరికీ ఉండదు.

ఉన్న చెయ్యి ఒకటి మన దగ్గరా ఉంది. 2005లో దుబాయ్‌లో సానియా మీర్జా అప్పటి యూఎస్ ఓపెన్ విజేత స్వెత్లానా కుజ్నెత్సోవాను 6–4, 6–2తో ఓడించింది. కుజ్నెత్సోవా కాళ్లకు వంశం కూడా ఉంది. తల్లి సైక్లింగ్‌లో ఆరుసార్లు ప్రపంచ విజేత. సానియా పరుగుకు పేరున్న ఆటగత్తె కాదు, ఆమె పేరంతా ఫోర్‌హ్యాండ్‌దే. ఆ ఫోర్‌హ్యాండ్‌ను మనవాళ్లు బలంగా మాత్రమే చూస్తారు. బంతిని పైకి లేస్తుండగానే, కోర్టు లోపలికి అడుగేసి అందుకోవడం చూడరు. అవతలివాడి టైము తగ్గించడానికి భుజం బలం ఒక్కటే దారి కాదు. ఒక అడుగు ముందు నిలబడటం కూడా దారే. అది యాభై ఏళ్ల డాక్టరుగారు కూడా చేయగలరు.

అపోహ: మెత్తగా ఆడటం పిరికి ఆట.

వాస్తవం: 1975 వింబుల్డన్ ఫైనల్ సంగతి వినండి. ఒకవైపు జిమ్మీ కానర్స్, వయసు 22, ప్రపంచ నంబర్ వన్, కిందటేడు విజేత. ఇంకోవైపు 32వ పుట్టినరోజుకు ఐదు రోజుల దూరంలో ఉన్న ఆర్థర్ యాష్. అంతకుముందు కానర్స్ చేతిలో ప్రతిసారీ ఓడినవాడు. సహజంగా గట్టిగా కొట్టే యాష్ ఆ రోజు ఆట మార్చేశాడు. వేగం తీసేసిన బంతులు మధ్యకు, ఫోర్‌హ్యాండ్‌కు తక్కువ ఎత్తులో వేశాడు. ముందుకొస్తే తల మీదుగా లేపాడు. మనం ఇచ్చే వేగాన్ని వాడుకుని కొట్టేవాడికి వేగమే ఇవ్వకపోతే తన వేగం తానే పుట్టించుకోవాలి. కానర్స్ పుట్టించుకోబోయి నెట్‌కు కొట్టాడు. 6–1, 6–1, 5–7, 6–4తో యాష్ గెలిచాడు. మూడో సెట్ పోయినా పథకం వదల్లేదు, నాకు అన్నిటికంటే నచ్చేది అదే.

పొరుగువాడి కథ ఇంకా దగ్గర. మద్రాసు రమేశ్ కృష్ణన్ సర్వీసు చూసి జనం నవ్వుకునేవారు, అంత నెమ్మది. 1989 ఆస్ట్రేలియన్ ఓపెన్ రెండో రౌండులో ఆ నెమ్మది చెయ్యే మాట్స్ విలాండర్‌ను వరుస సెట్లలో ఇంటికి పంపింది. విలాండర్ అప్పుడు నంబర్ వన్, అంతకుముందు ఏడాది మూడు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచినవాడు, ఏ బంతినీ వదలని ఓపిక అతనిది.

అపోహ: లైను వెంబడి కొడితే ఎక్కువ దూరం ఉరకాలి కదా.

వాస్తవం: అతనితో పాటు మనమూ ఉరకాలి. కోర్టు పొడవు 78 అడుగులు. మూల నుంచి మూలకు వాలుగా కొడితే దాదాపు 82న్నర. అంటే బంతి పడటానికి నాలుగడుగులకు పైగా చోటు అదనం. నెట్ ఎత్తు మధ్యలో 3 అడుగులు, స్తంభాల దగ్గర మూడున్నర. వాలు దెబ్బ నెట్ తక్కువగా ఉన్నచోటు మీదుగా పోతుంది. అంతకంటే పెద్ద లాభం ఇంకొకటి ఉంది. వాలుగా కొట్టాక మనం కోర్టు మధ్య గుర్తు దాకా పోనక్కర్లేదు, దానికి ఒక అడుగు ఇవతలే ఆగొచ్చు. లైను వెంబడి కొడితే మధ్య గుర్తు దాటి పోవాలి. "ప్రతి బంతికీ మధ్యకు రా" అన్న పాత పాఠం సగమే నిజం.

అపోహ: అలసిపోయేదాకా ఆడించాలి.

వాస్తవం: రోహిణి కార్తెలో సాయంత్రం ఐదున్నరకు కూడా కోర్టు సెగలు కక్కుతుంటే ముందు అలసేది ఎవరో ఆలోచించండి. 1989 ఫ్రెంచ్ ఓపెన్‌లో పదిహేడేళ్ల మైఖేల్ చాంగ్ నిజంగానే అలసిపోయాడు. కాళ్లు పట్టేసి, ఐదో సెట్‌లో చేతి కింది నుంచి సర్వీసు చేసే స్థితికి వచ్చాడు. అయినా నంబర్ వన్ ఇవాన్ లెండిల్‌ను ఓడించి, చివరికి ట్రోఫీ కూడా ఎత్తాడు. చేతనైతే పాయింటుకూ పాయింటుకూ మధ్య ఊపిరి తీసుకోండి. సర్వీసు మనదైనప్పుడు నిబంధనలే 25 సెకన్లు ఇస్తున్నాయి. హడావిడిగా ఆడటం ఉరికేవాడికిష్టం.

అపోహ: డ్రాప్ షాట్ వేస్తే చాలు.

వాస్తవం: బేస్‌లైన్ వెనక నుంచి వేసే డ్రాప్ అతనికి పండగ. కోర్టు లోపల నిలబడి, అతను వెనక్కి జరిగాక వేస్తేనే పని చేస్తుంది. వేసినంత మాత్రాన అయిపోదు, వెంటనే నెట్ వైపు రెండడుగులు వేసి తర్వాతి బంతిని తల మీదుగా లేపడానికి సిద్ధంగా ఉండాలి. ఎండాకాలం బంతి వేడికి ఎత్తుగా లేస్తుందని కూడా గుర్తుంచుకోండి.

అపోహ: వేగమంటే కాళ్లే.

వాస్తవం: మనం బంతి కొట్టే క్షణంలో అతను వేసే చిన్న గెంతును గమనించండి, ఆటగాళ్లు స్ప్లిట్ స్టెప్ అంటారు. ఆ గెంతు నుంచి దిగేలోపే మన భుజం, రాకెట్ చూసి దిక్కు పసిగడతాడు. సగం వేగం కళ్లదే. రెండు వైపులకూ ఒకే రకంగా భుజం తిప్పి చివరి క్షణం దాకా దిక్కు దాచండి. మొదటి సెట్‌లోనే అతను ఒక అడుగు ఆలస్యం కావడం కనిపిస్తుంది.

అపోహ: సింగిల్స్‌లో చేతకానివాళ్లకే డబుల్స్.

వాస్తవం: సానియా 2015లో డబుల్స్ ప్రపంచ నంబర్ వన్ అయింది, అదే ఏడాది మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్, యూఎస్ ఓపెన్ గెలిచింది. 36 అడుగుల వెడల్పును ఇద్దరు పంచుకుంటే ఒక్కొక్కరి వాటా 18. అక్కడ కాళ్ల వేగానికి విలువ తగ్గి, చేతి నేర్పుకు పెరుగుతుంది. ఉరికే కుర్రాడు నెట్ దగ్గరుంటే ఊరుకోడు, పార్ట్‌నర్ బంతులకు కూడా అడ్డం పడతాడు. మొదటి గేములోనే ఒకసారి అతని పక్క లైను వెంబడి కొట్టండి, పోతే పోనీ పాయింటు. ఆ తర్వాత గీత వదిలి రావడానికి జంకుతాడు. అప్పుడు ఇద్దరి మధ్యకు కొడితే, "నీది" "నీది" అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.