కప్పీల కార్ముకము

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మిసోరియందు, 1925వ సంవత్సరము నాటికి, తెల్లతోక జింకలు 395 మాత్రమే మిగిలియున్నవని లెక్కగట్టిరి. అడవుల నఱకివేతయు, అదుపులేని తుపాకివేటయు కలిసి తెచ్చిపెట్టిన దుర్దశ యది. తరువాత కట్టుదిట్టములు వచ్చినవి, వేట కొన్నియేండ్లు పూర్తిగా నిలిపివేయబడినది, 1944లో మరల ననుమతింపబడినది. నేడా రాష్ట్రమున జింకలు పదిలక్షలకు మించియున్నవి. మృగము కోలుకొనుచున్న ఆ కాలముననే, తుపాకి వచ్చిన పిదప మూలబడిన విల్లును కొందఱు వేటకాండ్రు మరల చేతబట్టిరి. విస్కాన్సిన్ రాష్ట్రము 1934లో విలుకాండ్రకై జింకలవేటకు ప్రత్యేక ఋతువు నేర్పఱచెను. వీరందఱికి గురుస్థానమున నిలిచినవాడు, 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ వద్ద ఒంటరియై జనావాసమునకు వచ్చిన యాహీజాతీయుడు ఇషీ. సాక్స్టన్ పోప్ అను శస్త్రవైద్యుడు అతనికి చికిత్స చేయుచునే అతనికి శిష్యుడై, విల్లు చెక్కుటయు, పొదలచాటున పొంచుటయు నేర్చుకొని, గురువు 1916లో క్షయతో గతించిన పిమ్మట, ఆ విద్యను 1923లో గ్రంథస్థము చేసెను.

అయినను ఇషీ చేతిలోని విల్లునకును, దానికి వేలయేండ్లకు పూర్వపు విల్లునకును స్వభావమున భేదము లేదు. నారిని లాగినకొలది బరువు పెరుగుచునే యుండును. ఆకర్ణాంతము లాగిన క్షణముననే, గుఱి చూచుకొనుటకు చేయి నిశ్చలముగా నుండవలసిన ఆ క్షణముననే, వింటి బలమంతయు వ్రేళ్లపై బడును. ఎంతటి బలశాలియైనను అట్లు నిలుపగలిగినది కొలదిసెకనులు మాత్రమే. పైగా జింకచెవి మిక్కిలి చురుకైనది. సెకనునకు ఏబది మీటర్ల వేగముతో పోవు బాణము ఇరువదియైదు మీటర్లు దాటుటకు అరసెకను పట్టగా, నారిమ్రోత యా దూరమును సెకనులో పదునాలుగవ వంతునకే దాటిపోవును. ఆ మ్రోతకు బెదరిన జింక, ఎగిరి దూకుటకు ముందు కాళ్లు ముడిచి మేనిని నేలవైపు క్రుంగజేయును. అంతట బాణము దాని వీపుమీదుగా పోవును. జింక బాణమును చూచి తప్పుకొన్నదని వేటకాండ్రు చెప్పుకొందురు గాని, అది తప్పుకొనుట కాదు, పరుగునకు సిద్ధపడుటయే.

ఈ చిక్కును విప్పబూనినవాడు మిసోరివాసి హోలెస్ విల్బర్ ఆలెన్. విద్వాంసుడు కాడు, ఇంటి పనిముట్లతో ఏదో ఒకటి చేయుచుండు చేతిపనివాడు. వింటికొనలను కోసివైచి, అచ్చట కప్పీలు బిగించి, వానిగుండ నారిని త్రిప్పి చూచెను. ఇరుసు నడిబొడ్డుననున్నంతకాలము కప్పీ వలన గొప్ప ఫలితము కానరాలేదు. ఇరుసును కేంద్రమునుండి ప్రక్కకు జరిపినంతనే విల్లు స్వభావమే మాఱిపోయెను. 1966 జూన్ మాసమున అతడు పేటెంటునకు దరఖాస్తు చేయగా, 1969 డిసెంబరులో అది లభించెను. కాలిఫోర్నియాలో విండ్లు చేయు టామ్ జెన్నింగ్స్ ఆ వికృతాకారమును చూచి నవ్విపోక, దాని మర్మమును గ్రహించి, అమ్మకమునకు తయారుచేయ నారంభించెను.

మర్మమేమనగా: తక్కెడదండెను నడుమ గాక ఒక ప్రక్కగా పట్టినచో, చిన్నబరువు పెద్దబరువును తూచగలదు గదా; ఇరుసు తప్పిన చక్రమును అట్టిదే, కాని అది తిరుగుచున్నకొలది పట్టుచోటు తానే మాఱుచుండు తక్కెడ. చక్రమునకు ఒకవైపున విలుకాడు లాగు నారియు, వేఱొకవైపున ఎదుటి వింటిబద్దకు పోవు తీగయు చుట్టుకొనియుండును. ఆరంభమున నారివైపు దూరము తక్కువ, తీగవైపు దూరము ఎక్కువ. కావున బరువు మొదటనే శీఘ్రముగా పెరిగి, చాలదూరము శిఖరముననే నిలుచును. చివరకు వచ్చుసరికి చక్రము తిరిగి, నారివైపు దూరము పెరుగును, తీగవైపుది తఱుగును; వంగిన బద్దల బలమంతయు అట్లేయున్నను, చేతికి దానిలో కొంతభాగమే తెలియును. నేటి విండ్లలో డెబ్బది పౌనుల బరువు తుదకు పదునాలుగు పౌనులకు దిగుటయు కలదు. కప్పీ శక్తిని సృష్టించినది కాదు. లాగిన దూరమంతట ప్రయోగించిన బలముల మొత్తమే వింట నిలువచేరు శక్తి గనుక, తుద నొక్కచోటనే శిఖరమునంటు పాతవిల్లుకంటె, త్రోవపొడవున శిఖరముననే నడచు క్రొత్తవిల్లు ఎక్కువ దాచుకొనును. బాణము సెకనునకు తొంబది మీటర్లవఱకు పోవుచున్నది.

ఈ వేగమునే అందఱు పొగడుదురు. నా మట్టుకు, వేగముకంటె, తుదకు బరువు దిగి చేతికి కలుగు ఆ విశ్రాంతియే గొప్పదని తోచును. దాని విలువ మంచెమీద గాని తెలియదు. తెల్లతోక జింకను నేలపైనుండి సమీపించుట దుర్ఘటము. మనము దానిని చూడకముందే దాని ముక్కు మనలను కనుగొనును. అందుచేత వేటకాడు తెల్లవాఱకముందే, అయిదాఱు మీటర్ల యెత్తున చెట్టుబోదెకు బిగించిన లోహపుమంచె నెక్కి, ఒంటికి కట్టుకొన్న పట్టీలను బోదెకు తగిలించుకొని, క్రింద విడిచిన వింటిని త్రాటితో పైకి లాగికొని, గాలి తాను కోరిన త్రోవవైపు వీచనంతకాలము కదలక కూర్చుండును. ఆ పట్టీలను తగిలించుకొననివారు పడి నడుములు విఱుగగొట్టుకొనుట యచ్చట సామాన్యము. జింక తల యొక చెట్టుచాటునకు పోయినప్పుడే నారిని లాగవలెను. లాగినపిదప అది చాటుననే నిలిచి, ఆకులు నమలుచు, ఒక నిమిషము కదలకపోవచ్చును. ఆ నిమిషము పాతవింటితో అసాధ్యము. పదునాలుగు పౌనులతో సాధ్యము.

విండ్లను, తత్సామగ్రిని అమ్మగా వచ్చు సుంకము వన్యప్రాణుల నిధికి చేరునట్లు అమెరికాలో 1972లో చట్టము చేసిరి. వేటద్వారమున మృగమును పోషించు ఈ మార్గము మనకు వింతగా తోచును. అదే యేట వచ్చిన మన వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను అరికట్టు త్రోవ పట్టినది. మన తెలుగునేల కీ విల్లు క్రీడారూపముననే పరిచయము: విజయవాడవాసి జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఏషియన్ క్రీడలలో మూడు స్వర్ణపతకములు గెలిచినది కప్పీలవింటితోనే.

ఆలెన్ 1979లో కన్నుమూసెను. అతని జీవితకాలమున, ఇది విల్లు కాదు యంత్రమని ఛాందసులు గొణిగిరి. విలువేటల లెక్కలు భద్రపఱచు పోప్ అండ్ యంగ్ క్లబ్బు సైతము, తుదకు బరువును 65 శాతముకంటె ఎక్కువ తగ్గించు విండ్లతో కొట్టిన జింకలను చాలకాలము తన జాబితాలో చేర్చుకొనలేదు. ఇప్పుడు విస్కాన్సిన్‌లో, తుపాకివలె భుజమున నానించి మీటనొక్కు అడ్డవింటికి 2014 నుండి అందఱకు అనుమతి దొరకినది. అది విల్లు కాదు, యంత్రమని గొణుగుచున్నవారు నేడు కప్పీలవిల్లు పట్టినవారే.