పొయ్యి చెక్కతో గిటారు

వీణ మనకు తెలిసిందే. బొబ్బిలిలో పనస మాను తొలిచి వీణ చేస్తారు. ఒక కొసన కుండలాగా బోలుగా ఉంటుంది. తీగ మీటితే ఆ బోలు వల్ల శబ్దం పెద్దదవుతుంది.

కరెంటు గిటారుకు బోలు అక్కర్లేదు. మరి శబ్దం ఎట్లా పెరుగుతుంది? సైకిలు డైనమో చూసే ఉంటారు. లోపల అయస్కాంతం, రాగి తీగ చుట్ట ఉంటాయి. చక్రం తిరిగితే దీపం వెలుగుతుంది. గిటారులోనూ ఇంచుమించు అంతే. తీగల కింద అయస్కాంతం ఉంటుంది. దానికి సన్నని రాగి తీగ చుట్టి ఉంటుంది. పైన తీగ ఊగితే ఆ చుట్టలో చిటికెడు కరెంటు పుడుతుంది. అది యాంప్లిఫయరులోకి, అక్కణ్ణించి స్పీకరులోకి పోతుంది. పై తీగ మాత్రం ఉక్కుదే కావాలి. నైలాను తీగతో ఈ పని జరగదు.

లండన్ దగ్గర బ్రయాన్ మే అనే కుర్రాడు ఉండేవాడు. అతనికి కరెంటు గిటారు మీద ఆశ. కొనాలంటే ధర అందేటట్టు లేదు. తండ్రి హెరాల్డ్‌కు ఎలక్ట్రానిక్స్ పని తెలుసు. ఇద్దరూ 1963 ఆగస్టులో ఇంట్లోనే పని మొదలుపెట్టారు. కుర్రాడికి అప్పుడు 16 ఏళ్ళు.

తెలిసినవాళ్ళు పాత చలిపొయ్యి చట్రం పారేస్తుంటే తెచ్చుకున్నారు. ఆ మహాగని చెక్కే గిటారు మెడ అయింది. పురుగు తొలిచిన బెజ్జాల్లో అగ్గిపుల్లలు కూరారు. వేళ్ళు పెట్టే చోట గుర్తులకు అమ్మ కుట్టుపెట్టెలోంచి ముత్యపుచిప్ప గుండీలు తీశారు. తీగల్ని వదులు చేసి బిగించే మీటకు సైకిలు సంచి తగిలించే కడ్డీ వాడారు. దాని కొసకు అమ్మ ఊలు అల్లే సూది ముక్క తొడిగారు. ఆ ఇంట్లో అమ్మ తన సామానుకు కాపలా ఉండాల్సి వచ్చేదేమో! స్ప్రింగులు పాత మోటారు సైకిలువి.

అయస్కాంతం చుట్టలు కూడా కుర్రాడే చేశాడు. కాని తీగను పక్కకు లాగి వాయిస్తే గరగరమనేది. చివరికి అవి మూడూ కొనక తప్పలేదు. మొత్తం పనికి దాదాపు రెండేళ్ళు పట్టింది. అయిన ఖర్చు సుమారు 8 పౌండ్లే.

1970లో క్వీన్ అనే పాటల బృందం ఏర్పడింది. అందులో బ్రయాన్ ఈ గిటారే వాయించాడు. పాటల కోసం పెద్ద చదువు మధ్యలో ఆపేశాడు. తండ్రి చాలా నొచ్చుకున్నాడు. తన చేతులతో చేసిన గిటారే కొడుకును చదువు నుంచి లాక్కుపోయింది మరి! 2002లో ఎలిజబెత్ రాణి పాలనకు 50 ఏళ్ళు నిండిన వేడుక జరిగింది. బ్రయాన్ రాజభవనం కప్పు మీద నిలబడి అదే గిటారు వాయించాడు.

ఆగిన చదువును 2007లో పూర్తి చేశాడు. అప్పుడతనికి 60 ఏళ్ళు. ఆకాశంలోని ధూళి మీద పరిశోధనకు డాక్టరేటు వచ్చింది. చూడడానికి అప్పటికి తండ్రి లేడు.