చిత్రము చెడలేదు, చదువు పద్ధతి మారినది

విండోస్ 10 వ్యవస్థకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. కనుక అనేకులు విండోస్ 11కు మారుచున్నారు. అట్లు మారిన పిదప, ఏండ్ల క్రిందట స్కాను చేసి దాచుకొన్న పొలము పటమో, పెద్దల ఛాయాచిత్రమో తెరపై కనిపించకపోవచ్చును. అది నశించినదని తలచి ఫైలును తుడిచివేయరాదు.

బిట్‌మ్యాప్ అనగా రంగు చుక్కల కూర్పు. ప్రతి చుక్క రంగును అంకెలలో వ్రాసి ఉంచుదురు. ఫైలు మొదట 14 బైట్ల శీర్షికయు, దాని వెనుక చిత్రపు కొలతలు, రంగుల వివరములును ఉండును. ఈ వివరములను వ్రాయు పద్ధతులు కాలక్రమమున పెక్కు ఏర్పడినవి. ఒక పద్ధతిలో వ్రాసినదానిని వేరొక ప్రోగ్రాము చదువలేకపోవచ్చును.

ఇందుకు చేయవలసినది స్వల్పము. మొదట ఫైలునకు నకలు తీసి పెన్ డ్రైవులో భద్రపరచవలెను. పిదప దానిని పెయింట్ ప్రోగ్రాములో తెరచి, ‘సేవ్ యాజ్’ ద్వారా 24 బిట్ల బిట్‌మ్యాప్‌గా గాని, పి.ఎన్.జి.గా గాని మార్చవలెను. పి.ఎన్.జి.లో చిత్రపు స్పష్టత తగ్గదు, జె.పి.జి.లో సన్నని గీతలు మసకబారవచ్చును. ఫైలు పేరు చివరి అక్షరములను మార్చినంత మాత్రమున లోపలి కూర్పు మారదు.

పెయింటులోను తెరచుకొననిచో, పాత కంప్యూటరులోనే ఆ చిత్రమును తెరచి మార్చుకొనవలెను. కావున చిత్రములన్నియు క్రొత్తదానిలో సరిగా కనిపించువరకు పాత కంప్యూటరును వదలుకొనకుడు.