గుమాస్తా పద్దే కొట్టు పరపతి

(వాణిజ్య విలేఖరి)

గుంటూరు మిర్చి యార్డులో ధరల హెచ్చుతగ్గులను గూర్చి వర్తకులు ఎంతైనా మాట్లాడుకుంటారు. ఆ ధరను కాగితం మీద పెట్టే గుమాస్తా ప్రస్తావన అరుదు. కాని కమీషను కొట్టు లాభనష్టాలు బేరంలో ఎంత ఉన్నవో, పద్దులోనూ అంత ఉన్నవి.

సరుకు కొట్టుకు చేరినది మొదలు గుమాస్తా పని ఆరంభమవుతుంది. రైతు పేరు, ఊరు, రకం, టిక్కీల సంఖ్య నమోదు కావాలి. తేజ లాటు 334 లాటులో కలవరాదు. బేరం కుదిరిన పిదప కాటా చీటీ. దానినిబట్టి రైతుకు పట్టీ, కొనుగోలుదారుకు బిల్లు. ఆపైన చిఠ్ఠా, ఆవర్జా. 1966 నాటి మార్కెట్ల చట్టం క్రింద యార్డుకు చెల్లవలసిన రుసుము లెక్క వేరు. అమ్ముడుపోని సరుకు శీతల గిడ్డంగికి పోతే, ఆ రసీదుల భద్రత కూడా అతని వంతే.

టిక్కీకి ఒక కిలో తేడా వ్రాస్తే 100 టిక్కీలకు క్వింటాలు. క్వింటాలు రూ. 15,000 అనుకుంటే అంత సొమ్ము రైతుకో, కొన్నవారికో తగ్గినట్లే. సొమ్ము సర్దుబాటు చేయవచ్చును. మరుసటి యేడు ఆ రైతు సరుకు ఎదుటి కొట్టుకు పోతే దానికి సర్దుబాటు లేదు.

2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చినది. 2018 ఏప్రిల్ 1 నుంచి అంతర్రాష్ట్ర రవాణాకు, రూ. 50,000 విలువ దాటిన సరుకుకు ఈ-వే బిల్లు తప్పనిసరి అయినది. దీని గడువు మామూలు లారీలకు 200 కి.మీ.కు ఒక రోజు చొప్పున. లారీ దారిలో ఆగిపోతే గడువు తీరుటకు 8 గంటల ముందు గాని, తీరిన 8 గంటలలోపు గాని పొడిగించుకోవచ్చును. ఆ వేళ అర్ధరాత్రి కావచ్చు. కొట్టులో ఎవరు మేలుకొని ఉంటారన్నదే ప్రశ్న.

వాహనం నంబరులో ఒకటి రెండు అంకెలు తారుమారైతే, 2018 సెప్టెంబరు నాటి ఉత్తర్వుల ప్రకారం రూ. 1,000తో పోవచ్చు. బిల్లే లేకుండా లారీ పట్టుబడితే సంగతి వేరు. 2022 జనవరి 1 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, యజమాని ముందుకు వచ్చినా జరిమానా పన్నుకు రెట్టింపు. రూ. 10 లక్షల ఎండుమిర్చి మీద 5 శాతం పన్ను రూ. 50,000, జరిమానా లక్ష. ఆ లోడు మీద వచ్చే కమీషను ఎంతో వర్తకులే లెక్క చూసుకోవచ్చు.

ఇంతటి బాధ్యత మోసే మనిషిని సీజనులో పిలిచి, యార్డుకు వేసవి సెలవులు రాగానే పంపివేయటం పొదుపనిపించవచ్చు. పని నేర్చినవాడు మరల వస్తాడన్న హామీ లేదు. క్రొత్తవాడు నేర్చుకొనేది మన సరుకు మీదనే.

కాటా చీటీ వ్రాసినవారే పట్టీ కట్టకుండా ఇద్దరి చేతుల మీదుగా నడిపించటం, ఏ రోజు చిఠ్ఠా ఆ రాత్రే సరిచూడటం, నమ్మకమైన గుమాస్తాకు పన్నెండు నెలలు జీతం ఇవ్వటం అనుభవజ్ఞులు మెచ్చే పద్ధతులు. ఖర్చు కొంత పెరుగుతుంది. ఒక్క లారీ జరిమానాతో పోల్చి చూస్తే అది భారం కాదు.