వార్తల్లో పదం: ఆర్‌ఆర్‌ఆర్ కేంద్రం

సినిమావాళ్లుండే హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఈ మూడక్షరాలంటే రాజమౌళి 2022 సినిమాయే గుర్తొస్తుంది. పురపాలక భాషలో మాత్రం తగ్గించు, తిరిగి వాడు, రీసైకిల్ చెయ్యి అని అర్థం. 2023 మేలో కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ పిలుపుతో పట్టణాల్లో ఈ కేంద్రాలు తెరిచారు. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ తెరిచింది. పాత బట్టలు, చెప్పులు, పుస్తకాలు, ప్లాస్టిక్ ఇక్కడ ఇవ్వొచ్చు. పనికొచ్చేవి అవసరమైనవాళ్లకు, మిగిలినవి రీసైక్లింగ్‌కు వెళ్తాయి.

అద్దె కాస్ట్యూమ్స్ దుకాణాలున్న కృష్ణానగర్‌కు చొక్కా చేతులు మారడం కొత్త కాదు. పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే అమ్మలూ మనకు తెలుసు. వాళ్లు ప్రతి చీరా విప్పి, చిరుగు చూసి తీసుకుంటారు. పాతబట్టలు వేయమని వీధిలో పెట్టే, కాపలా లేని డబ్బాకు ఆ కళ్లుండవు. వానకు తడిసిన మూట రెండ్రోజుల్లో ముక్కిపోతుంది, పక్కన చెత్త పేరుకుంటుంది.

అందుకే నియమాలు కావాలి. తెలుగువాళ్లు ఎందరో ఉన్న కాలిఫోర్నియాలో ఇలాంటి డబ్బా మీద నిర్వాహకుల పేరు, చిరునామా, ఫోన్ నంబరు, లాభాపేక్ష ఉందో లేదో రాయాలన్నది చట్టం. మన వీధి డబ్బాల మీదా ఇవి రాయించాలి, ఏ రోజు ఖాళీ చేస్తారో కూడా.