మీకు తెలుసా? ఉరుము చేత కూడా మాటలు పలికించవచ్చు

వోకోడర్ అనగానే సింథసైజర్ ఉండి తీరాలనుకుంటారు. అక్కర్లేదు. బెల్ ల్యాబ్స్‌లో హోమర్ డడ్లీ రూపొందించిన ఈ పద్ధతి అసలు పాటల కోసం పుట్టనే లేదు, టెలిఫోన్ మాటను కుదించి పంపడానికి పుట్టింది. గొంతును ఫ్రీక్వెన్సీ పట్టీలుగా విడదీసి, ఒక్కో పట్టీలోని హెచ్చుతగ్గులను మరో శబ్దానికి తొడగడమే దాని పని. ఆ రెండో శబ్దం నిండుగా, కాసేపు నిలిచేలా ఉంటే చాలు. అనంతపురం ఉరుముల నృత్యంలో మోగే ఉరుము అనే తోలు వాద్యం అందుకు సరిగ్గా సరిపోతుంది. తోలు మీద పుల్లతో ఒత్తి రాస్తే వచ్చే మూలుగు, ఉత్త దెబ్బలా క్షణంలో ఆరిపోదు.

ఏబుల్టన్ లైవ్ అనే సంగీత సాఫ్ట్‌వేర్‌లో గొంతు ట్రాక్ మీద వోకోడర్ పెట్టి, క్యారియర్‌గా, అంటే ఆ రెండో శబ్దంగా, 'ఎక్స్‌టర్నల్' ఎంచుకుని, ఉరుము ట్రాక్‌ను చూపిస్తే సరి. మూలుగులో పై ఫ్రీక్వెన్సీలు తక్కువ కదా, స, శ, చ వినబడతాయా అని అడగవచ్చు. సరిగ్గా వినబడవు, నిజమే. అందుకే 'అన్‌వాయిస్డ్' మీట కాస్త పెంచితే ఆ హల్లుల చోట నాయిజ్ చేరుతుంది. దేవత కొలుపులో మోగే వాద్యాన్ని యంత్రానికి అప్పగించడమేమిటన్న అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. కళాకారుల అనుమతి, పేరు, పారితోషికం లేకుండా ఆ రికార్డింగును ముట్టుకోకూడదనే నా అభిప్రాయం. ఇక పట్టీలు 40 పెడితే మాట తేటగా తెలుస్తుంది, 8కి దించితే ఉరుమే పైచేయి అవుతుంది. నా ఓటు 8కే.